కళ్లకు గంతలు కట్టి నేర్పే ప్రథమ చికిత్స

ఎన్‌సీసీలో ఉన్న రోజుల్లో మాకు ఫస్ట్ ఎయిడ్ క్లాసంటే ముక్కోణపు తెల్లగుడ్డే. దాన్ని మడతపెట్టి ఒకరి చెయ్యి ఇంకొకరం మెడకు వేలాడదీసేవాళ్లం, తలకు కట్టేవాళ్లం, మోకాలికి చుట్టేవాళ్లం. ముడి సరిగ్గా పడకపోతే హవల్దార్ సార్ విప్పించి మళ్లీ కట్టించేవారు. సర్టిఫికెట్ పరీక్షలో అడుగుతారని అందరం బుద్ధిగా నేర్చుకున్నాం. ఇవాళ నా కళ్లముందు ఎవరైనా బైక్ మీంచి పడి, తొడలోంచి నెత్తురు చిమ్ముతుంటే ఆ పాఠంలో ఒక్క ముక్కైనా చేతికి వస్తుందా అంటే, రాదు. ముడి మాత్రం గుర్తుంది.

ఆ గుడ్డను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. దానికి పెద్ద చరిత్రే ఉంది. 19వ శతాబ్దంలో ఫ్రీడ్రిష్ ఎస్మార్క్ అనే జర్మన్ మిలటరీ సర్జన్ ఆ ముక్కోణపు గుడ్డ మీదే, ఏ గాయానికి ఎలా కట్టాలో బొమ్మలు అచ్చువేయించాడు. చదువురాని సైనికుడు కూడా జేబులోంచి తీసి, బొమ్మ చూసి కట్టుకోవచ్చు. కట్టూ అదే, పుస్తకమూ అదే. 1882లో ఆయన కీల్ నగరంలో మామూలు జనానికి ప్రథమ చికిత్స నేర్పే బడి కూడా పెట్టాడు. వైద్యం రానివాడికి, గాయపడ్డవాడి పక్కనే నిలబడ్డవాడికి ఎంత నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నదే ఆయన్ని వేధించిన ప్రశ్న. ఇప్పటికీ సైన్యాల్ని వేధిస్తున్నది అదే. నేర్పవలసినవాటి జాబితా తయారుచేయడం తేలిక. దాంట్లోంచి ఏది కొట్టేయాలో తేల్చుకోవడానికే సైన్యాలకు వందేళ్లు పైగా పట్టింది.

ముందు కొన్ని లెక్కలు. 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికన్ సైనికుల రికార్డుల్ని అక్కడి మిలటరీ డాక్టర్లు ఒక్కొక్కటిగా పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 87 శాతం మంది ఏ ఆస్పత్రికీ చేరకముందే చనిపోయారు. ఆ చేరనివాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది గాయాలు బతికే అవకాశం ఉన్నవేనని తేలింది. (ఆ అవకాశాన్ని తర్వాతెప్పుడో, తూటాలు లేని గదిలో టేబుల్ ముందు కూర్చుని లెక్కగట్టారన్నది మర్చిపోకూడదు.) బతకగలిగి చనిపోయిన ఆ నాలుగో వంతులో 91 శాతం మంది ప్రాణం తీసింది నెత్తురు పోవడమే.

అంటే ఆస్పత్రిలో ఎంత గొప్ప సర్జన్‌ని పెట్టినా, ఎంత ఖరీదైన మిషన్ కొన్నా, అది ఉపయోగపడేది అక్కడిదాకా ప్రాణంతో వచ్చినవాళ్లకే. మిగతావాళ్ల కథ గాయమైన చోటే, నిమిషాల్లో ముగిసిపోతోంది. మనిషి ఒంట్లో ఉండే నెత్తురు సుమారు 5 లీటర్లు. తొడలో పెద్ద ధమని తెగితే ప్రాణం పోవడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు. ముప్పై నలభై మంది ఉండే ప్లటూన్‌కి మెడిక్, అంటే వైద్యం నేర్చిన సైనికుడు, ఉండేది ఒక్కడు. అతను రెండొందల గజాల అవతల ఉండొచ్చు, ఇంకొకడికి కట్టు కడుతూ ఉండొచ్చు, అతనికే తూటా తగిలి ఉండొచ్చు. అందుకే ఆ మూడు నిమిషాలూ గాయపడ్డవాడి చేతుల్లోనో, పక్కనున్నవాడి చేతుల్లోనో ఉంటాయి. ఆ పక్కనున్నవాడు మామూలు తుపాకీ మనిషి, లేదా లారీ డ్రైవర్, లేదా వంటవాడు.

సరైన వైద్యం, తప్పు సమయం

మనందరికీ తెలిసిన ప్రథమ చికిత్స వరుస ఒకటుంది. ముందు శ్వాసమార్గం చూడు, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ. మెడ కదిలించకు. గుండె ఆగితే ఛాతీ మీద నొక్కు. రోడ్డు ప్రమాదానికి, గుండెపోటుకి తయారైన వరుస అది. 1990ల దాకా సైనికులకు కూడా దాదాపు ఇదే నేర్పారు.

తూటాలు వస్తున్న చోట ఈ వరుస ప్రకారం నడిచినవాడి సంగతి ఊహించండి. స్నేహితుడు వీధి మధ్యలో పడిపోయాడు. ఇతను గోడచాటు వదిలి పరిగెత్తాడు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తల వెనక్కి వంచి, ఊపిరి వింటున్నాడు. పుస్తకం ప్రకారం తప్పేమీ చెయ్యలేదు. కానీ మొదటివాణ్ని కొట్టినవాడు అక్కడే ఉన్నాడు, ఇప్పుడు వాడికి రెండో గురి కూడా కదలకుండా దొరికింది. ఈలోపు ప్యాంటు కింద తొడలోంచి నెత్తురు పోతూనే ఉంది, దాని వంతు మూడోది కాబట్టి.

ఈ చిక్కుముడిని విప్పిన వ్యాసం 1996లో మిలటరీ వైద్య పత్రిక ఒకదాంట్లో వచ్చింది. రాసినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాంక్ బట్లర్. అమెరికా నేవీ సీల్ కమాండోగా పనిచేసి, తర్వాత డాక్టరైన మనిషి. చదివింది కంటి వైద్యం! యుద్ధగాయాల చికిత్సను తలకిందులు చేసింది కంటి డాక్టర్ కావడం నాకు ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది. బహుశా ట్రామా సర్జన్ అయ్యుంటే ఆస్పత్రి అలవాట్లు అంత తేలిగ్గా వదులుకునేవాడు కాదేమో.

ఆ వ్యాసం చికిత్సను గాయాన్ని బట్టి కాక పరిస్థితిని బట్టి మూడు దశలుగా విడదీసింది. మొదటిది, కాల్పులు జరుగుతుండగా. ఇక్కడ మొదటి పని వైద్యం కానే కాదు. ఎదురు కాల్పులు జరిపి అవతలివాడి తుపాకీని ఆపాలి. గాయపడ్డవాడికి స్పృహ ఉంటే నీ అంతట నువ్వే చాటుకు పాకి రా, నీ కట్టు నువ్వే కట్టుకో అని అరిచి చెప్పాలి. ఈ దశలో అనుమతించిన చికిత్స ఒక్కటే: చెయ్యో కాలో తెగి నెత్తురు చిమ్ముతుంటే, గాయానికి పైన, బట్టల మీదే, వీలైనంత ఎత్తున టోర్నికెట్ అనే పట్టీ బిగించడం. గుండె ఆగిపోయినవాడి ఛాతీ నొక్కుతూ కూర్చోకూడదు. తూటా గాయమైతే మెడ కదులుతుందేమోనని ఆగకూడదు. వినడానికి కర్కశంగా ఉంటుంది. కానీ నెత్తురంతా పోయి ఆగిన గుండెను నొక్కితే తోయడానికి లోపల ఏమీ ఉండదు.

రెండో దశ, చాటుకు చేరాక. ఇక్కడ ఇంగ్లిష్‌లో మార్చ్ అనే మాటలోని అక్షరాలను గుర్తుగా పెట్టుకుని వరుసగా చూస్తారు: ముందు ధారగా పోతున్న నెత్తురు, తర్వాత శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, చివర ఒళ్లు చల్లబడటం, తలకు దెబ్బ. ఈ దశ మొదట్లోనే ఒక చిన్న పని ఉంది, సామాన్యుడికి తట్టనిది: గాయపడ్డవాడు అయోమయంగా మాట్లాడుతుంటే అతని తుపాకీ, గ్రెనేడ్లు, రేడియో తీసేసుకోవాలి. నెత్తురు పోయి మెదడు మసకబారినవాడికి తన మీద వంగినవాడు ఎవరో తెలియకపోవచ్చు. మూడో దశ బండిలోనో హెలికాప్టర్‌లోనో తరలిస్తున్నప్పటిది, అది చాలావరకు మెడిక్‌ల పని.

చెడ్డపేరు మోసిన పట్టీ

టోర్నికెట్ అంటే అవయవాన్ని చుట్టూ బిగించి ధమనిని మూసేసే పట్టీ. జాన్ లూయీ పెటీ అనే ఫ్రెంచి సర్జన్ 1718లోనే స్క్రూతో బిగించే రకం చేశాడు. అయినా 20వ శతాబ్దమంతా దీనికి చెడ్డపేరే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ పట్టీ కట్టించుకున్న సైనికుడు స్ట్రెచర్ మీద గంటల తరబడి ఎదురుచూసేవాడు. ఆస్పత్రికి చేరేసరికి ఆ కాలు చచ్చుబడి కుళ్లేది. కోత కోయాల్సిన డాక్టర్లకు పట్టీ మీదే కోపం వచ్చింది. కట్టకపోయుంటే చనిపోయేవాళ్లు వాళ్ల టేబుల్ దాకా రాలేదు కాబట్టి ఆ లెక్క వాళ్లకు కనబడలేదు. "ఏదీ పనిచేయకపోతేనే, చివరి అస్త్రంగా" అన్న మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. వియత్నాం యుద్ధంలో 2,500 మందికి పైగా అమెరికన్ సైనికులు కేవలం కాళ్లూ చేతుల గాయాల నుంచి నెత్తురు పోయి చనిపోయారని తర్వాత అంచనా వేశారు. ఇంకే పెద్ద గాయమూ లేనివాళ్లు.

2005 నుంచి అమెరికా సైన్యం ఒంటిచేత్తో బిగించుకునే టోర్నికెట్లను పెద్దఎత్తున పంచింది. 2006లో బాగ్దాద్‌లోని ఇబ్న్ సీనా ఆస్పత్రిలో జాన్ క్రాగ్ అనే ఎముకల సర్జన్, పట్టీలతో వచ్చిన 232 మంది లెక్క తీశాడు. 309 కాళ్లూ చేతులకు 428 పట్టీలు. మనిషి షాక్‌లోకి, అంటే నెత్తురు పోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి, జారకముందే కట్టినవాళ్లలో 90 శాతం మంది బతికారు. షాక్‌లోకి వెళ్లాక కట్టినవాళ్లలో బతికింది 10 శాతమే. ఇక పట్టీ కట్టినందువల్ల కాలో చెయ్యో పోయినవాడు ఒక్కడు కూడా లేడు. నిజానికి సర్జన్లు మోకాలి ఆపరేషన్లలో ఇలాంటి పట్టీనే గాలితో నింపి గంటా రెండు గంటలు ఉంచుతూనే ఉన్నారు. ఆపరేషన్ థియేటర్లో భయం లేని వస్తువు బయటికొచ్చేసరికి భూతమైంది.

90కీ 10కీ మధ్య తేడా కొన్ని నిమిషాలు. ఆ నిమిషాల్లో దాన్ని కట్టగలిగేది పక్కనున్నవాడు. అందుకే మొత్తం శిక్షణ ఈ పట్టీ చుట్టూ తిరుగుతుంది.

చూడటానికి ఇంత చిన్నది. ఓ జానెడు చుట్టుకునే వెల్క్రో పట్టీ, దాని మీద పెన్నులావు ప్లాస్టిక్ కడ్డీ, కడ్డీ వెనక్కి తిరక్కుండా పట్టే కొక్కెం, టైమ్ రాసుకోవడానికి చిన్న తెల్ల చీలిక. పట్టీని కాలికి తొడిగి, లాగి, కడ్డీ తిప్పి, కొక్కెంలో ఇరికించాలి. ఐదు నిమిషాల్లో ఎవరికైనా అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, కట్టగలగడం వేరు అన్నది ఇక్కడే బయటపడుతుంది. కొత్తవాళ్లు మామూలుగా చేసే తప్పు, కడ్డీ తిప్పకముందు పట్టీని బలంగా లాగకపోవడం. పట్టీ వదులుగా ఉంటే కడ్డీ తిప్పిన తిప్పుడంతా ఆ వదులు లాగడానికే సరిపోతుంది, కాలు నొక్కుకోదు. సగం బిగిసిన పట్టీ అసలు లేనిదానికన్నా ప్రమాదం. సిరలు పైపైన, మెత్తగా ఉంటాయి కాబట్టి ముందు అవి మూసుకుపోతాయి. లోతున ఉన్న ధమని తెరుచుకునే ఉంటుంది. కాల్లోకి నెత్తురు వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్లే దారి లేక గాయంలోంచి ఇంకా ఎక్కువ పోతుంది.

రెండో తప్పు జాలి వల్ల జరుగుతుంది. సరిగ్గా బిగించిన పట్టీ విపరీతంగా నొప్పి పెడుతుంది. గాయపడ్డవాడు వదులు చెయ్యమని ఏడుస్తాడు, తిడతాడు. శిక్షణ లేనివాడు అయ్యో అని ఓ తిప్పు వెనక్కి తిప్పుతాడు. అందుకే శిక్షకులు ముందే చెబుతారు: వాడు అరుస్తున్నాడంటే నువ్వు సరిగ్గా కట్టావని. కొందరు శిక్షకులు ఒకరి కాలికి ఒకరి చేత నిజంగానే బిగింపజేస్తారు, పాదంలో నాడి ఆగేదాకా. ఓసారి ఆ నొప్పి రుచి చూసినవాడు అవతలివాడి అరుపుకి చెయ్యి వెనక్కి తియ్యడు.

పట్టీ పట్టని చోట్లు

గజ్జ, చంక, మెడ. ఇక్కడ చుట్టడానికి చోటు లేదు. 1993 అక్టోబర్‌లో సోమాలియా రాజధాని మొగదిషులో జరిగిన పోరులో రేంజర్ అనే అమెరికన్ కమాండో దళంలోని ఒక యువ సైనికుడికి తొడ పైభాగంలో తూటా తగిలింది. గాయం పట్టీకి అందనంత పైన ఉంది. మెడిక్ పక్కనే ఉన్నాడు, చేతనైనదంతా చేశాడు. బండ్లు అక్కడికి చేరలేకపోయాయి. గంటల పాటు నెత్తురు పోయి ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ తర్వాతి ఏళ్లలో మిలటరీ వైద్యంలో వచ్చిన ఆలోచనలో ఆ రాత్రి నీడ చాలా ఉంది.

ఇలాంటి గాయాల్లో చెయ్యాల్సింది గాజ్ గుడ్డను లోపలికి కూరడం. గాయం మీద పెట్టడం కాదు, లోపలికి. వేలు గాయంలోకి దూర్చి, ఎక్కడ వెచ్చగా కొడుతోందో వెతికి, ఆ చోట గుడ్డను ఎముకకేసి నొక్కి, వేలు తియ్యకుండా రెండో చేత్తో ఇంకాస్త, ఇంకాస్త కూరుతూ పోవాలి. నిండాక రెండు చేతులూ పెట్టి ఒంటిబరువంతా వెయ్యాలి. నెత్తురు గడ్డకట్టించే మట్టిపొడి పూసిన గాజ్ అయితే కనీసం మూడు నిమిషాలు, మామూలు గాజ్ అయితే ఇంకా ఎక్కువసేపు. మధ్యలో ఎత్తి చూడకూడదు. మూడు నిమిషాలంటే ఎంతసేపో గడియారం ముందు పెట్టుకుని గోడను నొక్కి చూడండి, చేతులు వణకడం మొదలవుతుంది.

సాటి మనిషి మాంసంలోకి వేలు పెట్టడానికి ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని మాటలతో పోగొట్టలేరు. అందుకే తరగతుల్లో పెద్ద మాంసపు ముక్కకు లోతుగా గాటు పెట్టి, లోపల సన్నటి గొట్టం దూర్చి, ఎర్రరంగు నీళ్లు పంపుతూ కూరమంటారు. జారుతుంది, చేతులు తడుస్తాయి, గుడ్డ వేళ్లకు అంటుకుంటుంది. పుస్తకంలో రాయడానికి వీల్లేని పాఠం అది.

ఛాతీలో, పొట్టలో నెత్తురు పోతుంటే? పక్కనున్నవాడు చేయగలిగింది దాదాపు శూన్యం. ఆ 4,596 మంది అధ్యయనంలో, బతికే అవకాశం ఉండీ నెత్తురు పోయి చనిపోయినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి గాయం మొండెంలోనే. కాళ్లూ చేతులవి 13.5 శాతం. పట్టీ మహిమ గురించి ఎంత చెప్పుకున్నా ఈ అంకె పక్కన పెట్టకూడదు. మొండెం గాయానికి కావలసింది సర్జన్, ఎక్కించడానికి నెత్తురు. సైనికుడు చేయగలిగింది అతన్ని త్వరగా అక్కడికి చేర్చడం, దారిలో వెచ్చగా ఉంచడం.

వెచ్చగా అన్నమాట ఎడారి యుద్ధంలో వింతగా అనిపిస్తుంది. రోహిణి కార్తె ఎండలో పడుకోబెట్టినా, నెత్తురు పోయినవాడి ఒళ్లు చల్లబడిపోతుంది. ఒంట్లో వేడి పుట్టించే శక్తి పడిపోతుంది, తడిసిన బట్టలు ఉన్న వేడిని లాగేస్తాయి. ఒళ్లు చల్లబడితే నెత్తురు గడ్డకట్టదు, గడ్డకట్టకపోతే ఇంకా పోతుంది, పోయేకొద్దీ ఇంకా చల్లబడుతుంది. ఒక దుప్పటి ఈ చక్రాన్ని నెమ్మదింపజేస్తుంది. గుర్తుంటే.

సెలైన్‌ని ఎందుకు తీసేశారు

ఈ శిక్షణ చరిత్రలో నాకు నచ్చిన భాగం ఇది. అమెరికా సైన్యం మెడిక్ కాని సైనికుల్లో కొందరికి కొంచెం ఎక్కువ వైద్యం నేర్పే కోర్సు ఒకటి నడుపుతుంది. అందులో ఒకప్పుడు సెలైన్ పెట్టడం ముఖ్యమైన పాఠం. నరం దొరకబుచ్చుకోవడం, సూది గుచ్చడం, బాటిల్ వేలాడదీయడం. సైనికులకు ఇష్టమైన పాఠం కూడా. వైద్యం చేస్తున్నట్టు ఉంటుంది మరి. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా సెలైన్ ఎక్కిస్తే తప్ప చికిత్స జరిగినట్టు అనిపించదు కదా, అలాగే.

తర్వాత దాన్ని కోర్సులోంచి తీసేశారు. కారణాలు రెండు. ఒకటి, సెలైన్ నెత్తురు కాదు. అది రక్తపోటు పెంచి, అప్పుడే కట్టిన గడ్డను తోసేస్తుంది, మిగిలిన నెత్తురును పలచబరుస్తుంది. రెండోది ఇంకా ఆసక్తికరం: నేర్పడానికి అన్ని గంటలు తినేసిన పని, చేసేటప్పుడూ అంతే తింటుంది. షాక్‌లో ఉన్నవాడి నరాలు కుంచించుకుపోతాయి. నరం కోసం వెతుకుతూ కూర్చుంటే పట్టీ సరిగ్గా బిగిసిందో లేదో చూసే ధ్యాస ఉండదు. మనిషి టెన్షన్‌లో ఉన్నప్పుడు కష్టపడి నేర్చుకున్న పని వైపే చెయ్యి వెళుతుంది, అవసరమైన పని వైపు కాదు.

ఇప్పుడక్కడ ప్రతి సైనికుడూ నేర్చుకోవలసిన మొదటి మెట్టు కోర్సు సుమారు 7 గంటలది. పట్టీ, కూరడం, శ్వాసమార్గం తెరవడం, స్పృహ లేనివాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, దుప్పటి, మెడిక్‌ని పిలవడం. అంతే. సూదులు గట్రా ఆ పైమెట్టువాళ్లకి. ఆ 40 గంటల కోర్సు కొందరికే.

చెయ్యికి నేర్పడం

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బెటాలియన్లలో స్ట్రెచర్ మోసింది చాలాచోట్ల బ్యాండు వాయించేవాళ్లు. యుద్ధం రాగానే బాకాలు పక్కనపెట్టి స్ట్రెచర్లు ఎత్తుకున్నారు. తొడ ఎముక విరిగినవాళ్లు వాళ్ల చేతుల్లోనే చనిపోయేవాళ్లు. విరిగిన ముక్కలు ప్రతి కుదుపుకీ లోపల కండను కోస్తుంటే నెత్తురు లోలోపలే పోయేది. థామస్ స్ప్లింట్ అనే ఇనుప చట్రంలో కాలును లాగి బిగిస్తే ఇది ఆగుతుందని సర్జన్లకు తెలుసు. కానీ చట్రం బిగించాల్సింది సర్జన్ కాదు, బాకా ఊదేవాడు, అదీ రాత్రిపూట, బురదలో.

దాంతో ఆ పనిని తుపాకీ డ్రిల్ లాగా అంకెలుగా విడగొట్టారు. ఒకటి అంటే ఒకడు పాదం పట్టుకోవాలి, రెండు అంటే ఇంకొకడు చట్రం దూర్చాలి. చీకట్లో కూడా చెయ్యగలగాలని కళ్లకు గంతలు కట్టి చేయించారు. 1917లో ఆరాస్ యుద్ధంలో హెన్రీ గ్రే అనే సర్జన్ ఇలా వచ్చిన 1,009 మంది లెక్క రాసిపెట్టాడు. చనిపోయింది 15.6 శాతం. అంతకుముందు 80 శాతం దాకా పోయేవాళ్లని ఆనాటి మాట. ఆ పాత అంకెను ఇప్పుడు కొందరు ఒప్పుకోరుగానీ, తేడా పెద్దదనడంలో ఎవరికీ సందేహం లేదు.

ఇప్పటి శిక్షణా అక్కడి నుంచి పెద్దగా దూరం రాలేదు. పట్టీ కట్టడం వచ్చాక కుడిచేత్తో కట్టమంటారు, తర్వాత ఎడమచేత్తో, తర్వాత గంతలు కట్టుకుని. మైలు పరుగెత్తించి, గుండె దడదడలాడుతుండగా కట్టమంటారు. ఆ సమయంలో వేళ్ల చివర్లు మొద్దుబారతాయి, చూపు సన్నబడుతుంది, చిన్న కొక్కెం కూడా దొరకదు. పుస్తకంలో చదివింది ఆ స్థితిలో బుర్రలోకి రాదు. వందసార్లు చేసింది మాత్రం చేతుల్లో ఉంటుంది.

వందసార్లు చేసి ఆపేస్తే? 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఒక అమెరికన్ స్టేడియంలో పనిచేసే 465 మంది మామూలు ఉద్యోగులకు రకరకాలుగా నేర్పి చూశారు. మనిషి ఎదుట నిలబడి నేర్పినవాళ్లలో 88 శాతం మంది పట్టీని సరిగ్గా కట్టారు. ఏమీ నేర్పనివాళ్లలో 16 శాతం. బొమ్మల కార్డులు, రికార్డు చేసిన మాటలు ఇచ్చి వదిలేసినవాళ్లు మొదటివాళ్ల దరిదాపుల్లోకి రాలేదు. ఎస్మార్క్ గుడ్డ మీది బొమ్మలకి ఇది కాస్త చేదు వార్తే. మూడు నుంచి తొమ్మిది నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, బాగా నేర్చుకున్నవాళ్లలో కూడా సగం మందికి కాస్త పైన మాత్రమే సరిగ్గా కట్టగలిగారు. ఓసారి నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే పద్ధతి ఎంత నమ్మదగినదో దీన్నిబట్టి చూసుకోవచ్చు. నా ముక్కోణపు గుడ్డ సర్టిఫికెట్ కూడా బీరువాలోనే ఉంది.

మర్చిపోకుండా ఉండాలంటే శిక్షణ ఆస్పత్రివాళ్ల పనిగా ఉండకూడదు అన్నది అమెరికా 75వ రేంజర్ రెజిమెంట్ అనుభవం. 1990ల చివర్లో దాని కమాండర్ స్టాన్లీ మెక్‌క్రిస్టల్, రెజిమెంట్‌కి ముఖ్యమైనవి నాలుగే అన్నాడు: గురి, దేహదారుఢ్యం, చిన్న బృందాల పోరాట పద్ధతులు, వైద్య శిక్షణ. గురి తప్పేవాడికి ఎంత పరువు తక్కువో, పట్టీ కట్టడం రానివాడికీ అంతే. ప్రతి విన్యాసంలోనూ ఎవరో ఒకరు పడిపోయినట్టు నటించాలి. డాక్టర్ కాదు, సెక్షన్ నాయకుడే ఆ సంగతి చూసుకోవాలి. 2001 అక్టోబర్ నుంచి 2010 మార్చి వరకు ఆ రెజిమెంట్‌లో 419 మంది యుద్ధంలో గాయపడ్డారు, వాళ్లలో 32 మంది చనిపోయారు. ఆస్పత్రికి చేరకముందు ఆపగలిగిన కారణంతో చనిపోయినవాడు ఆ 32 మందిలో ఒక్కడూ లేడు. వాళ్ల దగ్గరున్న పట్టీలూ గుడ్డలూ మిగతావాళ్లకూ దొరికేవే. తేడా ఆ పని ఎవరి బాధ్యత అన్నదాంట్లో ఉంది.

మన దగ్గర

భారత సైన్యంలో ఇన్ఫాంట్రీ బెటాలియన్‌కి రెజిమెంటల్ మెడికల్ ఆఫీసర్ ఉంటారు, మెడికల్ కోర్ నుంచి వచ్చిన నర్సింగ్ అసిస్టెంట్లు కొందరు ఉంటారు. వాళ్లు అన్నిచోట్లా ఉండలేరు కాబట్టి, మామూలు జవాన్లలోంచే కొందరిని ఎంచి బ్యాటిల్‌ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్‌లుగా తయారుచేస్తారు. గస్తీకి వెళ్లినప్పుడు తుపాకీ మోసేదీ వాళ్లే, మందుల సంచి మోసేదీ వాళ్లే. ప్రతి జవాను దగ్గరా ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్ ఉంటుంది. దాంతో పాటు ఒక పాత నియమం: గాయపడ్డవాడికి వాడి జేబులోని డ్రెస్సింగే వాడు, నీది తియ్యకు. స్వార్థంలా వినిపిస్తుంది. మరో పది నిమిషాల్లో నీకే అవసరమైతే, నీ మీదికి వంగినవాడు నీ జేబు తడిమితే దొరకాలి కదా.

మన దేశంలో ఈ పాఠానికి అదనపు చిక్కు దారి. కార్గిల్ యుద్ధంలో పదహారు వేల అడుగుల ఎత్తు నుంచి గాయపడ్డవాళ్లను సాటి జవాన్లు వీపు మీద, స్ట్రెచర్ల మీద దించారు. రాళ్ల వాలుల్లో గంటలు పట్టేది. బస్తర్ అడవుల్లో మందుపాతర పేలితే గాయాలు ఎక్కువగా కాళ్లకే. అంబులెన్స్ వచ్చే రోడ్డు మీద ఇంకో మందుపాతర ఉండొచ్చు. భద్రాచలం అవతలి నుంచి మొదలయ్యే ఆ అడవి సంగతి తెలంగాణ పోలీసులకూ కొత్తేమీ కాదు. 2021 జనవరిలో డీఆర్‌డీఓకు చెందిన ఢిల్లీ ల్యాబ్ ఒకటి సీఆర్‌పీఎఫ్‌కి 'రక్షిత' పేరుతో బైక్ అంబులెన్స్ ఇచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ లాంటి బండికి వాలు కుర్చీ బిగించారు. అంబులెన్స్ దూరని సందుల్లోంచి గాయపడ్డవాణ్ని తెచ్చేందుకు. బండి వచ్చేదాకా కాలిని పట్టుకుని కూర్చునేది మాత్రం పక్క జవానే.

ఈ దూరమే ఇప్పుడు పాత పాఠాన్ని మళ్లీ కదిలిస్తోంది. అఫ్ఘానిస్థాన్‌లో 2009 నుంచి అమెరికా, గాయపడ్డవాణ్ని గంటలోపు ఆస్పత్రికి చేర్చాలని నియమం పెట్టుకుంది. ఆకాశం వాళ్లదే కాబట్టి హెలికాప్టర్లు ఎక్కడికైనా వెళ్లగలిగాయి. పట్టీ కట్టు, ముట్టుకోకు, మిగతాది సర్జన్ చూసుకుంటాడు అన్న సూత్రం ఆ గంట మీద నిలబడింది. ఉక్రెయిన్‌లో ఆ గంట లేదు. డ్రోన్లు తిరుగుతున్న చోట పగలు ఎవరినీ కదిలించలేరు. గాయపడ్డవాడు కందకంలోనే ఆరు గంటలు, ఒక్కోసారి రోజంతా ఉండిపోతున్నాడు. చిన్న గాయానికి భయంతో కట్టిన పట్టీలు కూడా విప్పేవాడు లేక కాళ్లు తీసేయాల్సి వస్తోందని అక్కడ పనిచేసిన సర్జన్లు రాశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో డాక్టర్లకు కోపం తెప్పించిన దృశ్యం మళ్లీ వచ్చింది.

విప్పడానికి పద్ధతి ఉంది. రెండు గంటల లోపు, మనిషి షాక్‌లో లేకపోతే, కాలు పూర్తిగా తెగిపోయి ఉండకపోతే, ముందు గాయాన్ని గాజ్‌తో కూరి గట్టి కట్టు కట్టాలి. తర్వాత పట్టీని కొద్దికొద్దిగా వదులుతూ గాయాన్నే చూస్తుండాలి. నెత్తురు తడి కనిపిస్తే మళ్లీ బిగించాలి. రాకపోతే పట్టీని వదులుగా అక్కడే ఉంచాలి. ఆరు గంటలు దాటితే మాత్రం ఆస్పత్రి బయట ముట్టుకోకూడదు, కాల్లో పేరుకున్న విషపదార్థాలు ఒక్కసారి గుండెకు చేరతాయి. ఇందులో ఏదీ కంఠతా పట్టి, గంతలు కట్టుకుని చేసేది కాదు. గాయాన్ని చూడాలి, టైమ్ లెక్కపెట్టాలి, నిర్ణయం తీసుకోవాలి. ఇన్నేళ్లూ ఆ నిర్ణయాలన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ కుదించుకొచ్చిన 7 గంటల కోర్సులో దీనికి చోటు ఎక్కడ చెయ్యాలో శిక్షకులు ఇప్పుడు తలలు పట్టుకుంటున్నారు.